దెబ్బ తగిలాక కోలుకోవడం మీద పరిశోధనకు డబ్బు పెట్టడం దండగా?

"ఆ డబ్బుతో గుంటలు పూడ్చి డివైడర్లు కట్టొచ్చుగా, ప్రమాదం జరిగాక ఎలా కోలుకుంటారో తెలుసుకోవడానికి పరిశోధన ఏంది" అని మీరు అడిగారు. ప్రమాదాలు ఆపడమే ముందు, అందులో నాకు పేచీ లేదు. కానీ దెబ్బ తగిలినవాడు తర్వాత ఏమయ్యాడో మన దగ్గర చూసేవాళ్లు లేరు. నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా.

మాది కావలి దగ్గర పల్లె. 2019లో హైవే దాటుతుంటే కారొకటి వచ్చి నా బండిని గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండెముకలూ విరిగాయి. 108 తొందరగానే వచ్చింది, ఆపరేషన్ బాగా చేసి రాడ్ వేశారు, వంక పెట్టడానికేం లేదు. అయిదో రోజు ఇంటికి పంపేశారు. చీటీలో మందులు, కాలు కింద మోపొద్దన్న మాట, మళ్లీ రావాల్సిన తేదీ, అంతే. మోకాలు వంచొచ్చా, వంచితే రాడ్ కదిలిపోతుందా అని అడగడానికి నాకు భయం, చెప్పడానికి వాళ్లకు తీరిక లేదు. చూడ్డానికొచ్చినవాళ్లలో సగం మంది పుత్తూరు కట్టు కట్టించాల్సింది అన్నారు, మిగతావాళ్లు అసలు కదపొద్దు అబ్బయా అన్నారు. నేను కదపలేదు. ఆరు వారాలకు మోకాలు కర్రలాగా బిగుసుకుపోయింది.

అప్పుడు నెల్లూరులో ఫిజియో దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టా. చంకలో కర్రలతో పల్లెవెలుగు బస్సెక్కడం, దిగి ఆటో, మళ్లీ అదే దారి. ఫీజు కంటే దారి ఖర్చే ఎక్కువైంది, నాలుగుసార్లు వెళ్లి మానేశా. అయితే ఆ ఫిజియో మేడం ఒక పని నేర్పించారు. నేల మీద కూర్చుని మడమ కింద ప్లాస్టిక్ కవర్ పెట్టుకుని, కాలు మెల్లగా లోపలికి లాక్కోవాలి. కవర్ ఉంటే మడమ జారుతుంది, లేకపోతే గచ్చు పట్టేస్తుంది. మా అమ్మ పక్కన కూర్చుని ముగ్గుసుద్దతో మడమ ఎంతవరకు వచ్చిందో గీత గీసేది. మొదటి వారం గీతలన్నీ ఒకదాని మీద ఒకటే. నెల తిరిగేసరికి జానెడు దూరం వచ్చింది.

నేను చేసే పని రొయ్యల చెరువుల మీద. గట్ల మీద నడిచి మేత వేయాలి, మేత తిన్నాయో లేదో తెలియడానికి చెక్ ట్రేలు ఎత్తి చూడాలి, రాత్రిళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవాలి. ఎనిమిది నెలలు అవేవీ చేయలేకపోయా, ఆ పని వేరేవాళ్లకు వెళ్లిపోయింది. లారీ హారన్ వినపడితే రాత్రిపూట ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఇంట్లో దిష్టి తీశారు. నిద్ర పడుతోందా అని మాత్రం ఏ డాక్టరూ అడగలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తా. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్రం నివేదిక. గాయాలను తీవ్రం, స్వల్పం అని విడగొట్టి చూపిస్తారు. ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది పనికి వెళ్తున్నారు అన్నది అందులో ఉండదు. 2025లో నగదు లేకుండా చికిత్స పథకం తెచ్చారు, మంచిదే, లక్షన్నర దాకా ఇస్తారు, కానీ ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకే. నా కష్టం మొదలైందే ఎనిమిదో రోజున.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో, పెద్ద దెబ్బలు తగిలినవాళ్ల వివరాలు 2001 నుంచి రాసిపెడుతున్నారు. 6 నెలలకు, 12 నెలలకు, 24 నెలలకు ఫోన్ చేసి నొప్పి ఉందా, పనికి వెళ్తున్నారా అని అడుగుతారు. దానికి డబ్బిచ్చేవాళ్లలో అక్కడి ప్రమాద బీమా సంస్థ ఒకటి, ఆ సంస్థకు డబ్బు బండి రిజిస్ట్రేషన్‌తో పాటు కట్టించుకునే రుసుము నుంచి వస్తుంది. మనమూ ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా కడుతున్నాం కదా, అందులోంచి ఒక్క పైసా వంతు దీనికి తీయలేమా?

"పరిశోధన ఎందుకు, ఊరూరా ఇంట్లోవాళ్లకు వ్యాయామాలు నేర్పిస్తే పోతుందిగా" అనొచ్చు. మా అమ్మను చూసి నేనూ అదే అనుకున్నా. కానీ పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో ఇదే సంగతి మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో పరీక్షించారు, 2017లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చినా మామూలు వైద్యం కంటే మెరుగేమీ కనపడలేదు. విరిగిన కాలు సంగతి వేరు కావచ్చు, కాకపోవచ్చు. పరీక్షించకుండా కోట్లు పోసి పథకం పెడితే అది పనిచేస్తోందో లేదో ఎవరికి తెలుస్తుంది? నాకు కుదిరింది అందరికీ కుదరాలని లేదుగా.

అడగాల్సింది కూడా పెద్ద పెద్ద ల్యాబులేం కాదు. కావలి లాంటి చోటే వారానికి రెండ్రోజులు ఫిజియో ఉంటే ఎంతమంది మధ్యలో మానకుండా ఉంటారు? ఆశా కార్యకర్త నెలకోసారి వచ్చి నిద్ర గురించి అడిగితే తేడా వస్తుందా? ఇలాంటివి.

ఈలోపు మీ వాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉంటే, డిశ్చార్జికి ముందే ఫిజియోను మంచం దగ్గరకు పిలిపించి, ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో, ఏది చేయకూడదో చెప్పించుకుని ఫోన్‌లో వీడియో తీసుకోండి. నాకు అప్పుడు ఆ సంగతి తెలిసుంటే ఆ ఆరు వారాలు పోయేవి కావు.