లండన్ నుంచి న్యూయార్క్‌కి 8 గంటలు, తిరుగు ప్రయాణానికి 7 గంటలే ఎందుకు?

దూరం రెండు వైపులా ఒకటే, దాదాపు 5,550 కిలోమీటర్లు. తేడా అంతా పైన వీచే గాలిదే. విమానాలు ఎగిరే 10 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. లండన్‌కి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎదురు తగులుతుంది.

విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు, గాలి వేగం 100 అనుకుందాం. వెనక గాలైతే నేల మీద లెక్కన వేగం 1,000; అయిదున్నర గంటల ప్రయాణం. ఎదురుగాలైతే 800, దాదాపు ఏడు గంటలు. టేకాఫ్, ల్యాండింగ్, రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం దీనికి అదనం. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల పుణ్యమా అని ఓ బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటల లోపే వచ్చేసింది.

భూమి తిరగడం వల్లే ఈ తేడా అని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమటికి వెళ్లే విమానమే ముందు చేరాలి! భూమితో పాటు గాలీ, అందులోని విమానమూ తిరుగుతూనే ఉంటాయి. టికెట్ మీది టైములు చూసి కూడా లెక్క కట్టకండి. ఉదయం 11కి లండన్‌లో ఎక్కి మధ్యాహ్నం 2కి న్యూయార్క్‌లో దిగితే అది 3 గంటల ప్రయాణం కాదు, మధ్యలో 5 గంటల టైమ్ తేడా ఉంది.