‘చార్జ్’ అంటే మోపడమే అనుకోండి

అమీర్‌పేట కోచింగ్‌లో ‘చార్జ్’ అనే ఇంగ్లీషు మాటకు పది అర్థాలు రాయించారని, బట్టీ పట్టినా నిలవడం లేదని మీరు రాశారు. బట్టీ మానేయండి. ఈ మాటకు మూలం లాటిన్‌లో బండిని సూచించే ‘కర్రుస్’. బండిలోకి బరువు ఎక్కించడం నుంచే మిగతావన్నీ పుట్టాయి. కారు, కార్గో దీని చుట్టాలే.

మన ‘మోపు’ చూడండి. కట్టెల మోపు బరువే. పన్ను మోపుతాం, నేరం మోపుతాం, బాధ్యతా మోపుతాం. చార్జ్ కూడా అంతే: రుసుము, అభియోగం, ఇన్‌చార్జి. ఫోనులోకి ఎక్కించేది విద్యుత్తు. లాఠీచార్జిలోని ‘మీదికి దూకడం’ మాత్రం కాస్త దూరపు బంధువు, దాన్ని విడిగా గుర్తుంచుకోండి.

పరీక్షలో తప్పు జరిగేది చిన్న మాటల దగ్గరే. ‘చార్జ్ ఫర్’ అంటే డబ్బు వసూలు, ‘చార్జ్ విత్’ అంటే నేరారోపణ. ‘ఇన్ చార్జ్ ఆఫ్’ అంటే మీరు చూసుకుంటున్నారు. మధ్యలో ‘ది’ చేరి ‘ఇన్ ది చార్జ్ ఆఫ్’ అయితే మిమ్మల్నే ఎవరో చూసుకుంటున్నారు! ఇంటర్వ్యూలో జాగ్రత్త.

అన్నట్టు, మనం బస్సు చార్జీ అనేదాన్ని ఇంగ్లీషులో ‘ఫేర్’ అనాలి.