ఇంటర్ బైపీసీ అయ్యాక మందుల షాపులో చేరొచ్చా?

మీ చెల్లెలు ఇంటర్ బైపీసీ పూర్తిచేసి అమలాపురంలో మందుల షాపులో చేరతానంటోంది, దాన్నే కెరీర్‌గా పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోవచ్చండి. కాకపోతే ముందు డి.ఫార్మసీ చదివించండి. రెండేళ్ల కోర్సు, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్, తర్వాత ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే ఎన్నేళ్లు పనిచేసినా హెల్పరే. పీహెచ్‌సీల్లో ఫార్మసిస్ట్ గ్రేడ్-2 పోస్టు పడినా అప్లై చేయడానికి వీలుండదు.

కౌంటరు దగ్గర పేరు, పవరు, పక్కనున్న అక్షరాలు మూడూ చదవాలి. షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ 500 వేరు, 500 ఎస్ఆర్ (మందు నెమ్మదిగా వదిలే రకం) వేరు. ఎస్ఆర్ బిళ్ల నమలకూడదని చెప్పి ఇవ్వాలి. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అచ్చైన కొసను ఉంచేసి రెండోవైపు నుంచి కత్తిరించాలి. లేదంటే మిగిలిన ముక్క ఏ బ్యాచో తెలియక పారేయాల్సి వస్తుంది.

నాకు అన్నిటికంటే భయం పిల్లల పారాసెటమాల్. డ్రాప్స్‌లో ఒక ఎం.ఎల్.కి 100 ఎం.జి. ఉంటుంది, సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125 గానీ 250 గానీ. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎం.ఎల్. పోస్తే 500 ఎం.జి. పట్టించినట్టే. డ్రాపర్ మీద గీత వేలితో చూపించి పంపాలి. యాంటీబయాటిక్ పొడి సీసా అయితే తట్టి పొడి విడదీసి, కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి ఊపి, నురగ తగ్గాక గీత దాకా పోయాలి.

ఇన్సులిన్ దగ్గర సిరంజి చూడాలి. మామూలుగా వయల్ (ఇన్సులిన్ సీసా) ఎం.ఎల్.కి 40 యూనిట్లది, పెన్ను కాట్రిడ్జ్ 100ది. ఎర్రమూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. ఎర్రమూత దాంతో 100 ఇన్సులిన్‌ను 10 దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు, షుగర్ పడిపోతుంది. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య. గోదావరికి వరదొచ్చే జులై, ఆగస్టుల్లో లంకలవాళ్లు నెల మందులు ముందే పట్టుకెళ్తారు. అప్పుడు ఇన్సులిన్‌ను ఐసుకి ఆనించి కట్టివ్వకూడదు. ఒకసారి గడ్డకట్టింది, కరిగినా పనికిరాదు. అట్టపెట్టెలు కూడా నేలమీద పెట్టకూడదు, చెమ్మ పట్టేస్తుంది.

హెచ్1 మందులకు (షెడ్యూల్ హెచ్1 జాబితాలోని కొన్ని యాంటీబయాటిక్‌లు, నిద్రమందుల్లాంటివి) విడి రిజిస్టరు ఉంటుంది: డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు. మూడేళ్లు దాచాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. రిజిస్ట్రేషన్ వచ్చాక “సర్టిఫికెట్ గోడకి తగిలించుకుంటాం, నువ్వు రానక్కర్లేదమ్మా, నెలనెలా డబ్బిస్తాం” అనేవాళ్లు తగులుతారు. ఒప్పుకోనివ్వకండి. అక్కడ ఎవరు ఏ మందు తప్పిచ్చినా ఆ అమ్మాయి పేరే బయటికొస్తుంది.

ట్రైనింగ్‌కి షాపు వెతికేటప్పుడు ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా, ఎక్స్‌పైరీ అయిన మందులకు విడిగా పెట్టె ఉందా అని చూడమనండి. రెండూ లేకపోతే ఇంకో షాపు చూసుకోవాలి.