అచ్చం నా ముక్కే, మార్చుకుంటానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. ఉద్యోగం చేస్తోంది. దాని ముక్కు దూలం మీద చిన్న ఎత్తు ఉంటుంది, కొన కాస్త కిందికి వంగి ఉంటుంది. అచ్చం నా ముక్కే. మా అమ్మదీ అదే. మూడేళ్ల నుంచి దాని గురించే గొడవ. ఇప్పుడు సొంత డబ్బుతో కాస్మెటిక్ సర్జరీ చేయించుకుంటానని తేల్చి చెప్పేసింది. 'ఆసుపత్రికి నాతో రా అమ్మా' అంటోంది. ప్రమాదంలో మొహం దెబ్బతిన్నవాళ్లకు చేస్తే అర్థం ఉంది. ఏ జబ్బూ లేని మొహం మీద కత్తి పెట్టించుకోవడం తప్పు కాదా? తోడు వెళ్తే ఆ తప్పులో నాకూ భాగం ఉన్నట్టే కదా? చిన్నప్పుడు పళ్లు ఎత్తుగా ఉన్నాయంటే క్లిప్పులు పెట్టించాం, దానికి ఏ లోటూ చేయలేదు. మా ఆయన 'దాని మొహం, దాని డబ్బు, మధ్యలో నీకేంటి' అంటారు. కాదనలేను, కానీ మింగుడు పడటం లేదు. వద్దంటే 'నీకు నా బాధ తెలీదు' అని గది తలుపేసుకుంటుంది. బంధువులు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ క్లిప్పుల సంగతి మాట్లాడుకుందాం. మీరు మాటవరసకు రాశారు కానీ, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. ఎత్తుపళ్లున్నంత మాత్రాన నమలడానికి ఇబ్బంది ఉండాలని లేదు. చాలామంది పిల్లలకు క్లిప్పులు పెట్టించేది నవ్వు బాగుండాలనే. అప్పుడు ఆమె వయసెంతో, ఆమెను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఏ లోపమూ లేని ఒంటిని అందం కోసం మార్చడం దానంతటదే తప్పయితే, మొదటి తప్పు మీ ఇంట్లో అప్పుడే జరిగిపోయింది. నేనూ జుట్టుకు రంగు వేసుకునే మనిషినే, కాబట్టి దేవుడిచ్చిన రూపాన్ని ముట్టుకోకూడదన్న ఉపన్యాసం నా నోట రాదు.

అలాగని క్లిప్పులూ కత్తీ ఒకటే అనను. క్లిప్పులు నచ్చకపోతే తీసేయవచ్చు. ముక్కు సర్జరీలో మత్తు ఇస్తారు, ఎముకను, మృదులాస్థిని కోసి సరిచేస్తారు. వాపు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గినా అసలు రూపం తేలడానికి దాదాపు ఏడాది పడుతుంది. అనుకున్నట్టు రాక నూటికి 5 నుంచి 15 మంది దాకా రెండోసారి సర్జరీకి వెళ్తారని వైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. దూలం సన్నబడితే కొందరికి ఊపిరి సరిగా ఆడదు. జబ్బు నయం చేయడానికి కోస్తే ఇలాంటి ముప్పును లాభంతో తూచి చూడవచ్చు. ఇక్కడ లాభమంతా మనసుకే. అందుకే ఆ మనసులో ఏముందో తెలుసుకోకుండా చేయడమే నా దృష్టిలో తప్పు. కత్తి పట్టడం కాదు.

ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకైతే సరే అన్నారు. వైద్యులూ చాలాకాలం అదే గీత గీసుకున్నారు. 1896లో బెర్లిన్‌లో ఒక తల్లి తన కొడుకును జాక్ జోసెఫ్ అనే యువ సర్జన్ దగ్గరికి తీసుకొచ్చింది. పిల్లవాడి చెవులు బాగా పెద్దవి, బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. తోటిపిల్లల వెక్కిరింపులు భరించలేక బడికి వెళ్లనన్నాడు. జోసెఫ్ ఆ చెవుల్ని సరిచేశాడు. అందం కోసం ఇలాంటివి చేయకూడదని పైఅధికారి అతణ్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. రెండేళ్లకు, 1898లో, ముక్కు వల్ల నలుగురిలోకి రాలేకపోతున్న ఒక మనిషికి జోసెఫ్ ముక్కు తగ్గించే ఆపరేషన్ చేశాడు. గాయం మాత్రమే కాదు, సిగ్గుతో కుంగిపోవడమూ బాధేనన్నది అతని వాదన. ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది. మీ అమ్మాయి 'నా బాధ తెలీదు' అంటున్నప్పుడు చెబుతున్నదీ అదే. మీరేమో 'నీ ముక్కుకేం, బాగానే ఉంది' అంటూ ఉండి ఉంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదమ్మా. ఆ మాట మూడేళ్లు విన్న పిల్లకు అది ఓదార్పులా వినిపించదు, నోరు మూయించినట్టు ఉంటుంది.

మీవారి మాట కూడా నాకు సగమే నచ్చింది. ఆమె మొహం, ఆమె డబ్బు. నిజమే. 24 ఏళ్ల మనిషి ఒంటి మీద తుది మాట ఆమెదే, మీదీ కాదు, ఆయనదీ కాదు. కానీ హక్కు ఉందని చెప్పడంతో పెద్దవాళ్ల పని అయిపోదు. 'నీ ఇష్టం' అన్న మాటలో ప్రేమా ఉండవచ్చు, చేతులు దులుపుకోవడమూ ఉండవచ్చు. ఆయనది ఏదో నాకు తెలియదు, ఆమెకు మాత్రం తెలిసే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. మూడేళ్లుగా దాని గురించే గొడవ అని రాశారు. ఈ గొడవ ఎంత పెద్దదో నాకు తెలియాలి. అద్దం ముందు రోజూ గంటలు గడుస్తున్నాయా? పక్కనుంచి ఎవరైనా చూస్తారని ఫలానా వైపే కూర్చుంటుందా? ఫొటో అంటే తప్పించుకుంటుందా? ముక్కు వల్లే ఉద్యోగంలో, స్నేహాల్లో వెనకబడ్డానని నమ్ముతోందా? ఇవి ఉంటే అది కేవలం ముక్కు సమస్య కాకపోవచ్చు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక రుగ్మత ఉంది. ఎదుటివారి కంటికి ఆనని, లేదా చాలా చిన్నదైన లోపం ఆ మనిషికి కొండంతగా కనిపిస్తుంది. ఇటలీ వైద్యుడు మొర్సెల్లి 1891లోనే దీన్ని వర్ణించాడు. నూటికి ఇద్దరికి దాకా ఉంటుందంటారు, కాస్మెటిక్ సర్జరీ కోసం వచ్చేవాళ్లలో ఇంకా ఎక్కువ. వీళ్లలో చాలామందికి సర్జరీతో తృప్తి రాదు. ముక్కు అయ్యాక గడ్డం, గడ్డం అయ్యాక చర్మం. దీనికి పనికొచ్చేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, అవసరమైతే మందులు.

దూలం మీద ఎత్తు మీకూ కనిపిస్తోంది కాబట్టి మీ అమ్మాయిది ఆ రుగ్మతేనని నేను అనడం లేదు. ఉత్తరం చూసి అలా తేల్చడం ఎవరికీ తగదు. ఆమెను అడగాల్సింది ఒక్కటే: 'ఆపరేషన్ అయ్యి నీ ముక్కు నీకు నచ్చినట్టే వచ్చిందనుకో, మర్నాటి నుంచి నీ రోజు ఎలా మారుతుంది?' 'పక్కనుంచి ఫొటో తీస్తే తల తిప్పుకోను, అంతే' అంటే ఆశ అదుపులో ఉందని అర్థం. 'నా జీవితమే మారిపోతుంది' అంటే కత్తి కంటే ముందు కౌన్సెలర్‌ను కలవడం మంచిది.

అన్నట్టు, ఆమె తన ముక్కును ఎక్కువగా చూసుకునేది సెల్ఫీల్లోనేమో గమనించండి. మొహానికి అడుగు దూరంలో ఫోన్ పట్టుకుంటే ముక్కు అసలు కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో ఒక అధ్యయనంలో లెక్కగట్టారు. అయిదడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఉండదు. లేని ముక్కును కోయించుకున్నవాళ్లూ ఉంటారని నా అనుమానం.

ఒకరు మార్చుకుంటే పక్క అమ్మాయి ముక్కు మరీ పెద్దదిగా కనిపిస్తుంది, అందరూ ఒకే అచ్చు మొహాలవుతారు అని కొందరు ఆక్షేపిస్తారు. అందులో నిజం ఉంది. కానీ లోకం పెట్టిన కొలతల్ని ఎదిరించే బరువంతా ఒక్క 24 ఏళ్ల పిల్ల ముక్కు మీద పెట్టడం అన్యాయం. నేను తప్పుపట్టేది ఆ కొలతల్ని అమ్ముకునేవాళ్లను. 'ఈ వారమే తగ్గింపు', 'స్నేహితురాలితో వస్తే ఇద్దరికీ లాభం' అని పిలిచే చోటుకు వెళ్లకుండా ఆపితే మీరు నిజంగా సాయం చేసినట్టు.

మరి తోడు వెళ్తే తప్పులో భాగమా? కాదు. కానీ మీరు ఆలోచిస్తున్నది ఆపరేషన్ రోజు గురించి. ఆ రోజు ఎవరు పక్కనున్నా మంచం దగ్గర కూర్చోవడమే, అప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది. మీరు వెళ్లాల్సింది మొదటి కన్సల్టేషన్‌కు. అక్కడ వినడానికి వెళ్లండి. కత్తి పట్టబోయే సర్జనే ఎదురుగా కూర్చుని ముప్పులు వివరిస్తున్నారా, లేక అమ్మకాల మనిషి మాట్లాడి సంతకం పెట్టమంటున్నారా? బ్రిటన్‌లో 2016 నుంచి ఉన్న వైద్యుల నియమావళి ప్రకారం, ఈ సమ్మతి తీసుకోవాల్సింది చేయబోయే డాక్టరే. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి కాస్మెటిక్ సర్జరీకి ముందు వేరే డాక్టరు సిఫారసు ఉండాలి, ఇందాక చెప్పిన రుగ్మత ఉందేమో పరీక్షించాలి, సమ్మతి ఇచ్చాక కనీసం 7 రోజులు ఆగాలి. మీరుండే చోట ఈ నియమాలు లేకపోయినా మీకు మీరు పెట్టుకోవచ్చు. నన్నడిగితే 7 రోజులు తక్కువే, మూడు నెలలు ఆగమంటాను. మూడేళ్లు ఓపిక పట్టిన పిల్లకు మూడు నెలలు ఎక్కువ కాదు. 'వద్దు' అనడం మాని 'మూడు నెలలాగు, ఆ తర్వాత నేను వస్తాను' అని చూడండి. గది తలుపు తెరుచుకోవచ్చు. సర్జన్ 'మీకు ఇది అవసరం లేదు' అంటే మాత్రం ఆయన్ను గుర్తుపెట్టుకోండి, మంచి డాక్టరు.

బంధువులకు ఏం చెప్పాలంటారా? మీ అమ్మాయి ఏం చెప్పమంటే అది. ఏమీ చెప్పొద్దంటే ఏమీ చెప్పకండి.

ఇక మీ ముక్కు. 'అచ్చం నా ముక్కే. మా అమ్మదీ అదే' అని రాసి ముందుకు వెళ్లిపోయారు. అసలు నొప్పి అక్కడే ఉందనుకుంటాను. ఆమె ఆ ముక్కు వద్దంటుంటే మిమ్మల్నీ, మీ అమ్మనూ వద్దన్నట్టు అనిపించింది. అలా అనిపించడం తప్పేమీ కాదు. దాన్ని నీతిశాస్త్రంగా మార్చి ఆమె మీదికి విసరడంతోనే మాట చెడింది. ఆమె బహుశా మీ గురించి ఆలోచించి ఉండదు. ఆమెకు కనిపిస్తున్నది తన అద్దం మాత్రమే. ఒక్కసారి చెప్పండి: 'నువ్వు ఆ ముక్కు వద్దంటే నాకు మనసు చివుక్కుమంది. అది నా బాధ, దాని కోసం నువ్వు మానుకోనక్కర్లేదు.' ఒక్కసారే. రోజూ చెబితే అది బెదిరింపు అవుతుంది. మీరు ఆమె వయసులో ఆ ముక్కుతో ఏమైనా పడ్డారా? ఎవరైనా ఏమైనా అన్నారా? అన్నా మీరు ఆమెకు ఎప్పుడూ చెప్పి ఉండరని నా ఊహ. మూడు నెలల్లో ఏదో ఒక సాయంత్రం ఆ కబురు కూడా చెప్పండి. మనసు మార్చాలని కాదు, ఆ ముక్కుతో ఇబ్బంది పడింది తనొక్కతే కాదని తెలియడానికి.

కన్సల్టేషన్‌కు ప్రశ్నలు ఓ కాగితం మీద రాసుకుని వెళ్లండి. కాకపోతే ఆ కాగితం ఆమె చేతిరాతలో ఉండాలి. మీరు అడగాలనుకున్నవి అందులో లేకపోతే, గది బయటికి వచ్చాక ఆమెనే అడగండి.