డొక్కకు కాలు ఆనిస్తే మీ గుర్రం తిరగకుండా ముందుకు నడుస్తోందా?

మొండితనం కాదండీ. బెంగళూరు రేసుల నుంచి వచ్చిన గుర్రం అన్నారు కదా, దానికి కాలు తగిలితే ముందుకే అని అలవాటు. మీరు నేర్పాలనుకుంటున్న టర్న్ ఆన్ ద ఫోర్‌హ్యాండ్ అంటే ముంగాళ్లు దాదాపు ఉన్నచోటే ఉండి, వెనక కాళ్లు చుట్టూ జరగడం.

1. ముందు కింద నిలబడి నేర్పండి. తల కొంచెం మీ వైపు తిప్పి, జీను పట్టీకి (పొట్ట కింద బిగించేది) కాస్త వెనక వేళ్లతో నొక్కండి.

2. ఎక్కాక అదే చోట అదే వైపు కాలు ఆనించండి. ముందుకు పోకుండా ఆపేది అవతలి పగ్గం.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఒక్క అడుగు పక్కకు పడగానే కాలు వదలాలి. మెడ నిమరాలి. అప్పుడే రెండో అడుగు అడగాలి. నొక్కుతూనే ఉంటే అది పారిపోవడమే నేర్చుకుంటుంది (నేనూ నెల రోజులు అదే చేశాను).

రోజుకు రెండు మూడు అడుగులు చాలు. వాన పడి నేల జారుతుంటే ఆ రోజు వద్దు.