లివర్ గడ్డకు రేడియో తరంగాల చికిత్స ఎక్కడ చేస్తారు?

మీ ప్రశ్న: "నాన్నకు లివర్‌లో కేన్సర్ గడ్డ. బంగారు నానో కణాలు ఎక్కించి, రేడియో తరంగాలతో కోత లేకుండా కాల్చేస్తారని వీడియో వచ్చింది. ఎక్కడ చేస్తారు?"

ఆ వీడియో నాకు కంఠతా వచ్చు. 2010లో మా నాన్నకూ ఎవరో చూపించారు. ఆయనకూ లివర్‌లోనే గడ్డ. పైగా తెనాలిలో నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. ఇక చెప్పాలా!

అందులో కనిపించే జాన్ కాంజియస్ డాక్టరు కాదు, అమెరికాలో రేడియో, టీవీ స్టేషన్లు నడిపినవాడు. తనకే లింఫోమా అనే ఒక రకం రక్త సంబంధ కేన్సర్ వచ్చి, కీమో బాధ చూసి, ఇంట్లో వంట పళ్లేలతో యంత్రం కట్టాడు. హాట్‌డాగ్ అనే మాంసం సాసేజ్‌లోకి మైలుతుత్తం ఎక్కిస్తే ఆ చోటే వేడెక్కిందట. "మనోడేరా! డాక్టర్లకు తట్టనిది రేడియోవాడికి తట్టింది" అని నాన్న రెండు రోజులు అదే పాట.

మూడో రోజు కొట్టుకి వెళ్తే, బల్ల మీద ఫిజియోథెరపీ వాళ్లు రిపేరుకిచ్చిన షార్ట్‌వేవ్ డయాథర్మీ మిషను, అంటే నొప్పి ఉన్నచోట రేడియో తరంగాలతో వేడి పుట్టించేది. దాని రెండు ప్యాడ్ల మధ్య సొరకాయ ముక్క. పురుగుమందుల కొట్లో కొన్న మైలుతుత్తం నీళ్లలో కలిపి, సిరంజితో ముక్క మధ్యలోకి ఎక్కించారు. కాంజియస్ యంత్రం ఫ్రీక్వెన్సీ 13.56 మెగాహెర్ట్జ్, ఈ మిషనుది 27.12. "సరిగ్గా రెట్టింపు, సెకండ్ హార్మోనిక్కే, పర్లేదు" అని స్విచ్చేశారు. కాసేపటికి కొట్టంతా ఉడికిన సొరకాయ వాసన. ఆపి వేలితో నొక్కి చూశారు: మధ్యలో వేడి, అంచునా అంతే వేడి. మళ్లీ చేశారు, అదే. సాయంత్రం అమ్మ "పప్పులోకి తెచ్చిన కాయేదీ?" అంటే ఇద్దరం మాట్లాడలేదు.

ఆ చికిత్స చిక్కంతా ఆ ముక్కలోనే ఉంది. వేడి పుట్టించడం ఎవడైనా చేస్తాడు. గడ్డలోనే పుట్టాలి, పక్కన పుట్టకూడదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో స్టీవెన్ కర్లీ అనే సర్జన్ బృందం 2007లో కుందేళ్ల లివర్ గడ్డల మీద ఆ చికిత్స చేసి చూపింది, నిజమే. కానీ కార్బన్ నానోట్యూబులను, అంటే కంటికి కనపడనంత సన్నని కార్బన్ గొట్టాలను, నేరుగా గడ్డలోకే గుచ్చారు. అయినా గడ్డ చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర మంచి లివరూ కాలింది. బంగారు కణాల సంగతైతే, వేడి కణాలదా, అవి కలిపిన ద్రవంలోని అయాన్లదా (విద్యుదావేశం ఉన్న కణాలు) అని తర్వాత శాస్త్రవేత్తలే వాదులాడుకున్నారు. గడ్డలోకి సూది దించగలిగినప్పుడు ఆ సూదినే వేడి చేస్తే పోదా?

ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. దాని పేరు రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్. స్కానింగ్‌లో చూస్తూ చర్మం మీంచి సూది దించి గడ్డను కాలుస్తారు. దీనికి నానో కణాలు అక్కర్లేదు, అమెరికా వెళ్లక్కర్లేదు, మన పెద్దాసుపత్రుల్లోనే చేస్తారు.

మాకు ఆ సంగతి తెలిసేసరికి రెండు నెలలు పోయాయి. మొదటి స్కాన్‌లో 2.6 సెంటీమీటర్లున్న గడ్డ 3.3 అయింది. మూడు దాటితే పూర్తిగా కాలుతుందన్న భరోసా తగ్గుతుందని డాక్టర్ గారు చెప్పి, అయినా చేశారు. బల్ల మీద పడుకుని కూడా నాన్న "ఫ్రీక్వెన్సీ ఎంతండీ?" అని అడిగారు. టెక్నీషియన్ మిషను వెనక చూసి 460 కిలోహెర్ట్జ్ అన్నాడు. నాన్న నవ్వారు. "రేడియో ఐఎఫ్ 455. పక్కిల్లే!" ఐఎఫ్ అంటే రేడియో లోపల వాడుకునే మధ్యంతర ఫ్రీక్వెన్సీ.

ఏడాదిన్నరకి పక్కనే ఇంకోటి లేచింది. 2013లో పోయారు. ఆ రెండు నెలలే కొంప ముంచాయని నేనంటాను, డాక్టర్ గారు ఒప్పుకోకపోయినా సరే.

ఈ ఫార్వర్డ్ వీడియోలతో నాకున్న కడుపుమంట ఒకటే, వాటి మీద తేదీ ఉండదు. కాంజియస్ 2009 ఫిబ్రవరిలోనే పోయాడు, నాన్న ఆ వీడియో చూసేనాటికే. ఆ సంగతి నెట్‌లో చదివి కూడా నాన్నకు చెప్పలేదు. మనిషి పోయి పదిహేనేళ్లు దాటినా ఆ వీడియోలో మందు మాత్రం ఇంకా "త్వరలో" వస్తూనే ఉంటుంది.

మీ నాన్నగారి గడ్డ సైజెంతో, స్కాన్ ఎప్పుడు తీశారో మీరు రాయలేదు. ముందు అది చెప్పండి.