రెసిడెన్సీకి పిలుపొచ్చింది సరే, ముందు రోజులు లెక్కపెట్టు

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాళహస్తి. తాత కాలం నుంచి ఇంట్లో కలంకారీ పనే. నేను హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ చదివాను. బెర్లిన్‌లో ఒక ఆర్టిస్ట్ రెసిడెన్సీకి ఎంపికయ్యాను. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. గది, స్టూడియో వాళ్లే ఇస్తారు, నెలనెలా కొంత స్టైపెండ్ ఉంటుంది, విమానం టికెట్ మాత్రం నాదే. ఏ వీసా తీసుకోవాలి? రంగులు ఇక్కడి నుంచే తెచ్చుకోవాలా? మూడు నెలల్లో వాళ్లకు ఏం చేసి చూపించాలి? ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు, నాకే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, చాలా సంతోషంగా ఉంది. నేను బెర్లిన్‌లో స్థిరపడ్డాక ఇక్కడికి వచ్చిన మన ఆర్టిస్టులను చాలామందిని చూశాను. నీలాగా గదీ, స్టూడియో, స్టైపెండ్ మూడూ దొరికేవాళ్లు తక్కువ. టికెట్ ఖర్చు గురించి కూడా ఒకసారి అడుగు. తప్పేమీ లేదు. ప్రయాణ ఖర్చులకు వాళ్ల దగ్గర వేరే నిధి ఉండొచ్చు, లేదా నీ పేరు మీద ఇంకో సంస్థకు సిఫారసు ఉత్తరం రాసివ్వొచ్చు.

ఇక వీసా. మూడు నెలలే కదా, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ షార్ట్ స్టే వీసా చాలు అని అందరూ చెప్పి ఉంటారు. ఆ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు. దిగిన రోజూ, తిరిగి బయల్దేరిన రోజూ లెక్కలోకే వస్తాయి. నీ తేదీలు కూడి చూడు: జూలైలో 31, ఆగస్టులో 31, సెప్టెంబర్‌లో 30. మొత్తం 92. ఆ రెండు రోజుల కోసం ఓవర్‌స్టే రికార్డులోకి ఎక్కితే రేపు ఇంకో దేశం వీసా అడిగినప్పుడూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. సెప్టెంబర్ 28తో ముగిసేట్టు ఉత్తరం మార్చి ఇమ్మని ఇప్పుడే మెయిల్ పెట్టు. రెండు రోజులు తగ్గిస్తే వాళ్లకు పోయేదేమీ ఉండదు. అలా కుదరదంటే నేషనల్ వీసా, అంటే డి వీసా పెట్టుకోవాలి. దానికి ఎక్కువ సమయం పడుతుంది. వచ్చాక ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రసు నమోదు కూడా చేయించుకోవాల్సి రావొచ్చు. దాన్ని ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం లేకుండా అది జరగదు.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజుల దాకా లాగుతుంది. వేసవిలో దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. అందుకని ఇప్పుడే బుక్ చేసుకో. ఫీజు 90 యూరోలు, పైన సర్వీసు ఛార్జీ. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం ఆహ్వాన లేఖ. అది ఎంత వివరంగా ఉంటే నీ పని అంత సులువు. గది ఎవరిది, స్టూడియో ఎక్కడ, స్టైపెండ్ ఎంత, ఎందుకిస్తున్నారు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, నువ్వు వర్క్‌షాప్ నేర్పితే దానికి వేరే డబ్బు ఇస్తారా, ఇవన్నీ ఉండాలి. చివరిది మరీ ముఖ్యం. డబ్బు తీసుకుని పాఠం చెప్పడం వీసా అధికారుల దృష్టిలో వేరే సంగతి కావచ్చు. ఏ రకం వీసా అడగాలన్నది ఆ లేఖను బట్టే తేలుతుంది. ‘మా ఆర్టిస్టుగా ఆహ్వానిస్తున్నాం’ అని రెండు వాక్యాలు రాసి పంపితే మర్యాదగా వెనక్కి పంపి, పూర్తి లేఖ ఇమ్మని అడుగు.

రంగుల సంగతి నాకు ఇష్టమైనది, కాస్త ఎక్కువే చెబుతాను. రంగు పాకకుండా కరక్కాయతో కలిపి గుడ్డకు పట్టిస్తాం కదా అని గేదె పాలు సీసాలో పట్టుకొస్తానని అనకు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాలు, పాల పదార్థాలు, మాంసం తేకూడదు. విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. ఇక్కడ ఏ దుకాణంలోనైనా 3.5 శాతం కొవ్వున్న ఆవు పాలు దొరుకుతాయి. గేదె పాలకన్నా పలచన కాబట్టి గుడ్డ అంతటికీ పట్టించే ముందు చిన్న ముక్క మీద గీసి, రంగు పాకుతోందో లేదో చూసుకో. నల్లరంగుకు కావలసిన బెల్లం మన ఇండియన్ షాపుల్లో ఉంటుంది, పాత ఇనుప మేకులకు కరువు లేదు. పటిక, నీలి, మంజిష్ట జాతి వేర్లు సహజ రంగులమ్మే చోట దొరుకుతాయి. దక్షిణాన ఐష్‌స్టెటెన్‌లో ఉన్న క్రెమెర్ పిగ్మెంటే అనే సంస్థ వీటికి పేరున్నది. నువ్వు తప్పక మోసుకు రావలసింది నీ కలాలు, నీ చేతికి అలవాటైన గుడ్డ. కరక్కాయ పొడి తెస్తే మూట కట్టి తేకు. సీలు చేసిన ప్యాకెట్ మీద ఇంగ్లీషులో పేరు, దేనికి వాడతారో రాసి, ఆహ్వాన లేఖ కాపీ పక్కన పెట్టు. తెస్తున్న సామాను పట్టీ ముందే హోస్ట్‌కు పంపి, కస్టమ్స్ వాళ్లను అడిగి చెప్పమను. నీ తోటివాళ్లు ఎవరైనా ఆయిల్ పెయింటింగ్ చేసేవాళ్లయితే చెప్పు, టర్పెంటైన్ చేతి సంచిలోనూ వద్దు, చెకిన్ బ్యాగులోనూ వద్దు. మండే ద్రవాన్ని రెండింటిలోనూ తేనివ్వరు.

బెల్లం, ఇనుము ఊరి నల్లరంగు తయారవడానికి వారాలు పడుతుంది. కాబట్టి దిగిన మొదటి వారంలోనే ఊరబెట్టు. మూత బిగించకు, గ్యాస్ పడుతుంది. గది లోపల పెట్టకు, వాసనకు పక్క స్టూడియో వాళ్లు ఇబ్బంది పడతారు. వాకిట్లోనో బాల్కనీలోనో చోటు అడుగు. గుడ్డ ఉడకబెట్టే ముందు స్టూడియో టెక్నీషియన్‌తో మాట్లాడు. ఆవిరి చాలా వస్తే ఫైర్ అలారం మోగొచ్చు. ఇక ఉతకడం. స్వర్ణముఖిలో ప్రవాహపు నీళ్లలో జాడించిన అలవాటుతో ఇక్కడ స్ప్రే నది వైపు చూడకు. రంగు నీళ్లు, పటిక నీళ్లు నదిలో కలపనివ్వరు. ఏ సింక్‌లో పోయాలో, ఏ నీళ్లు విడిగా డబ్బాలో పట్టి ఇవ్వాలో టెక్నీషియనే చెబుతాడు. నీకు వేసవి దక్కడం అదృష్టం. డిసెంబర్‌లో వచ్చినవాళ్లకు సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది, గుడ్డ ఎండబెట్టడానికి ఎండే ఉండదు. ఈసారి ఎక్కడికైనా అప్లై చేసేటప్పుడు నెలలు నువ్వే ఎంచుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు ప్రశ్న, మూడు నెలల్లో ఏం చేసి చూపించాలి అన్నది. నేను గట్టిగా చెప్పేది ఇదే: పెద్ద గుడ్డ మీద రామాయణం మొత్తం పూర్తి చేసి తీరాలన్న పట్టుదలతో తలుపు వేసుకుని కూర్చోకు. ఆ పని ఇంటి దగ్గర ఇంకా బాగా చేస్తావు. రెసిడెన్సీలో నీకిస్తున్నది సమయం, పక్కన ఇతర దేశాల ఆర్టిస్టులు, నువ్వెన్నడూ వాడని పనిముట్లు. సగంలో ఆగిన పని, చెడిపోయిన ముక్క, రంగు పాకిన గుడ్డ, అన్నీ గోడకు తగిలించు. చూడ్డానికి వచ్చేవాళ్లకు వాటి మీదే ఆసక్తి ఎక్కువ.

మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారి గురించి కాలేజీలో విని ఉంటావు. శాంతినికేతన్‌లో చదివి, లండన్ స్లేడ్ స్కూలుకు, అక్కడి నుంచి పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపుకు వెళ్లారు. ఒకే ప్లేటు మీద వేర్వేరు చిక్కదనాల ఇంకులు వేసి ఒకేసారి అచ్చుతీసే పద్ధతిని అక్కడే ఇంకో భారతీయ ఆర్టిస్టు కైకో మోతీతో కలిసి పట్టుకున్నారు. ఆ వర్క్‌షాపులో ప్రెస్సు అందరిదీ. ఒకరు ఇంకు కలుపుతుంటే ఇంకొకరు చూసేవారు, అడిగేవారు, మార్చి చేసేవారు. ఒంటరిగా గదిలో కూర్చుంటే అది అంత తొందరగా దొరికేది కాదని నా నమ్మకం. నీకు దొరికిన చోట ప్రింట్ ప్రెస్సో, మగ్గమో, కలప పని గదో ఉంటే మొదటి వారమే పేరు రాయించుకో. సాధారణంగా వాటికి భద్రత శిక్షణ తీసుకున్నాకే చేయి పెట్టనిస్తారు, ఆ శిక్షణ వారానికోసారే జరగొచ్చు.

ఇంకో మాట. ఇక్కడ అందరూ నిన్ను ‘ఇండియన్ ట్రెడిషనల్ ఆర్ట్’ గురించి అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. నువ్వు దేశం మొత్తానికీ జవాబు చెప్పనక్కర్లేదు. నిన్ను ఎంపిక చేసింది నీ పని చూసి. మీ తాతగారు ఏ కథలు గీశారు, నువ్వు ఏవి గీయడం మానేశావు, ఎందుకు మానేశావు, ఇది పది నిమిషాలు చెప్పగలిగితే చాలు. ఆ పది నిమిషాలు ఇంగ్లీషులో ఇంటి దగ్గరే సాధన చేసి రా. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు, ఇక్కడ చాలామందికి కూడా అది రెండో భాషే. క్యురేటర్లను స్టూడియోకు పిలవాలంటే ముందే మెయిల్ రాసి సమయం అడగాలి. చెప్పకుండా ఎదురెళ్లి కార్డు చేతిలో పెట్టడం ఇక్కడ నచ్చదు.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. మూడు నెలలకు ఇక్కడ బ్యాంకు ఖాతా తెరవడం కష్టం, స్టైపెండ్ ఇండియా ఖాతాకు పంపుతారేమో కనుక్కో. మొదటి నెల డబ్బు ఆలస్యం కావొచ్చు, అప్పటిదాకా గడిచేంత ఫారెక్స్ కార్డులో ఉంచుకో. ఏడాదిలో మూడు నెలలే బయట ఉంటావు కాబట్టి పన్ను లెక్కలో నువ్వు ఇండియా రెసిడెంటువే, స్టైపెండ్ సంగతి మీ ఆడిటర్‌కు చెప్పు. పాత పనులు ప్రదర్శనకు తెచ్చి మళ్లీ వెనక్కి తీసుకెళ్లాలంటే ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. మన దేశంలో వాణిజ్య సంఘం ఫిక్కీ ఇస్తుంది. దాని మీద తెచ్చినవి అమ్మేస్తే సుంకం కట్టాలి. తాత చేతి గుడ్డ ఏదైనా వందేళ్ల నాటిదైతే దేశం దాటించకు, 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఫొటో తెచ్చుకో.

ఆదివారం ఇక్కడ దుకాణాలు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకో. మా ఇంటికి భోజనానికి తప్పకుండా రా. వేరే తెలుగు కుటుంబాలూ పిలుస్తాయి. కానీ ప్రతి శని, ఆదివారాలూ మాతోనే గడిపేయకు. ఓపెన్ స్టూడియోలు, ఎగ్జిబిషన్ల ప్రారంభాలు ఎక్కువగా వారం చివర్లోనే ఉంటాయి. నీకు ముందుముందు పనికొచ్చే పరిచయాలు అక్కడే దొరుకుతాయి.

రెసిడెన్సీ అయిపోయాక ఇక్కడే ఉండి ఏదైనా చూసుకోవచ్చా అని వచ్చినవాళ్లలో చాలామంది అడుగుతారు, నువ్వూ అడుగుతావు. షార్ట్ స్టే వీసాను ఇక్కడే ఉండి రెసిడెన్స్ పర్మిట్‌గా మార్చుకోవడం కుదరదు. టికెట్ తేదీకే వెళ్లు. వెళ్లే ముందు చేసిన పనులన్నీ మంచి వెలుతురులో ఫొటోలు తీయించుకో, హోస్ట్ దగ్గర పూర్తి చేసినట్టు ఉత్తరం తీసుకో. తర్వాతి దరఖాస్తుల కోసం రెస్ ఆర్టిస్ వాళ్ల రెసిడెన్సీల జాబితా చూడు. ఇన్‌లాక్స్ శివదాసాని ఫౌండేషన్, బ్రిటన్‌కైతే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ మన దేశపు ఆర్టిస్టులకు సాయం చేస్తాయి. ఎదురు ఫీజు కట్టమనే రెసిడెన్సీలకు మాత్రం, అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని యంత్రమో గురువో ఉంటే తప్ప, అప్పు చేసి వెళ్లకు.